రెండు మిల్లీమీటర్లు

కాలిపర్ చల్లగా ఉందంది ఆడొంగో.
కాసేపు అరచేతిలో వెచ్చబెట్టి మళ్ళీ ఆనించాను.

పక్క వార్డులో ఆమె కవల, అపియో.
కిసుము బస్టాండు మలుపులో మోటార్‌సైకిల్ మీంచి పడింది,
దవడ మూడు ముక్కలు.

కంప్యూటర్ తెర మీద ఒక ముఖం తిరుగుతోంది:
ఎప్పుడో ఏదో మంచుదేశంలో
నూటపన్నెండుమంది అమ్మాయిల్ని కొలిచి తీసిన సగటు.
అపియో ముక్కు ఎక్కువట, ఎర్రగీత.
పెదవి ముందుకొచ్చిందట, ఇంకో ఎర్రగీత.
దేనికంటే ముందుకు?
ఎరువు తెచ్చిన రవిక పట్టలేదని
భుజాలు చెక్కుకుంటామా?

డాక్టర్ ఒబుయా గీతలన్నీ చెరిపేసింది.
"దాన్ని కాదు, తోడబుట్టినదాన్ని అడుగు."

అందుకే వచ్చింది ఆడొంగో,
చేపల సంత నుంచి తిన్నగా,
మోచేతుల దాకా పొలుసులు మెరుస్తూ.
కంటికొస నుంచి కంటికొసకి,
ముక్కుపుటం నుంచి ముక్కుపుటానికి,
గడ్డం, దవడ మలుపు.
పైకి చదువుతూ రాసుకుంటున్నాను.

"అన్నీ నావే రాస్తే ఎలా?" అంది.
"అది చెరకు ఎప్పుడూ ఎడమపక్కే నమిలేది.
నవ్వితే అటే ఒరిగేది. అమ్మ చీకట్లో
గడ్డం తడిమి మా ఇద్దరి పేర్లూ చెప్పేది."

ఎంత ఒరిగేది?

నా చేతిలోంచి కాలిపర్ తీసుకుని
కళ్ళు మూసుకుంది.
గాలిలో దాన్ని కొంచెం తెరిచింది,
కాదని తల ఊపి, కొంచెం మూసింది.

ఫారంలో దానికి గడి లేదు.
అంచున రాశాను.

మర్నాడు థియేటర్లో ఒబుయా
టైటానియం పట్టీని దీపం కింద పట్టుకుని చూసి,
ఆ అంచు మరోసారి చదివించుకుని,
ఇంకాస్త వంచింది,
ఎడమకి.