కారణం గడి

బ్లడ్ బ్యాంకు పుస్తకంలో ఆమె షాహెదా బీ, యాభై రెండు.
ల్యాబు కంప్యూటర్లో షహీదా బేగం, ఇరవై ఐదు.
వార్డు కేస్ షీట్లో బెడ్ పదకొండు,
పక్కన ఎవరో పెన్సిల్‌తో: సలీం వాళ్ల అమ్మీ.

ముగ్గురూ ఒక్కరేనని తేల్చడానికి
నాకు ఒక పూట పట్టింది.
మలక్‌పేట ఇంటి నంబరు కలిసింది.
ఫోన్ నంబరు చివరి అంకె దగ్గర విడిపోయింది.
బి పాజిటివ్ కలిసింది గానీ
అది బస్సులో పక్క సీటువాడితో కూడా కలుస్తుంది.

ఆరు నెలలు, నాలుగు వేల చిల్లర సంచులు.
కూకట్‌పల్లి క్యాంపులో ఏ కుర్రాడో
చాయ్ తాగి, బిస్కెట్ జేబులో వేసుకుని,
మోచేయి మడుచుకుని వదిలిపోయినవి.
మైనస్ ముప్పైలో రాయిలా పడుకుని,
గోరువెచ్చని తొట్టిలో అరగంట నాని,
పసుపు చిటికెడు పడ్డ గంజితేటలా లేస్తుంది ప్లాస్మా.
ఒకసారి కరిగాక మళ్లీ రాయి కాలేదు.
నానబోసిన బియ్యం అది,
ఎవరో ఒకరు వండుకోవాల్సిందే.

నా పని చిన్నది.
సంచి వెళ్లిన గంటకూ
పరీక్ష ఫలితం వచ్చిన గంటకూ ముడి వేయడం.
ఐఎన్ఆర్ ఎంత? రక్తం కారుతోందా?
ముందే చూశారా, ఎక్కించాక చూశారా?
జవాబు లేని వరసకు ఎర్ర రంగు.

వారం తిరిగేసరికి నా స్క్రీను
మిరపకాయలు ఆరబోసిన డాబా.

ఒంట్లో బలానికి ఒక సంచి.
ఆల్బుమిన్ కొనలేని ఇంటికి రెండు.
సూది గుచ్చబోయే డాక్టరు భయానికి నాలుగు.
కారణం అనే గడిలో
చాలాసార్లు "అవసరం" అని ఉంది.
ఒకచోట "సార్ చెప్పారు".

ఆమె కూడా ఎరుపే.
సంచి రెండూ నలభైకి,
ఫలితం రెండూ యాభై ఏడుకి.
చూడకుండానే ఎక్కించారన్నమాట!
నోట్సులో ఆ మాట కింద గీత కూడా గీశాను.

ల్యాబులో ఇరవై ఏళ్ల నుంచి ఉన్న లింబాద్రన్న
కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.
"ఆ మిషన్ గడియారం మేడం,
వానల్ల కరెంటు పోయిన కాన్నుంచి
యాభై అయిదు నిమిషాలు ముందల ఉరుకుతది.
ఎవ్వరూ సరిజెయ్యలే."

ఆ రాత్రి నాలుగు వందల వరసలు రంగు మార్చుకున్నాయి.
కొన్ని ఎరుపు నుంచి పచ్చకి.
కొన్ని, నేను మెచ్చుకున్నవే, పచ్చ నుంచి ఎరుపుకి.

ఆమె ఐఎన్ఆర్ మూడు పాయింట్ ఎనిమిది.
రెండు దాటిన రెండో నిమిషాన ఫోన్లో విని
అరచేతి మీద రాసుకుని
మెట్లు రెండేసి దిగి వచ్చిందట హౌస్ సర్జన్ హరిచందన.
కరిగేదాకా తొట్టి ముందే నిలబడిందట.
ఆ నిలబడటం ఏ గడిలోనూ లేదు.

ఆమె బతికిందా అన్నది నా అధ్యయనంలో లేని ప్రశ్న.
అయినా చూశాను.
పన్నెండో రోజు డిశ్చార్జి, సంతకం సలీం.

సోమవారం మీటింగులో
నూటికి ముప్పై ఎనిమిది అనవసరం అని చూపించాను.
ఎవరూ కొట్లాడలేదు. సమోసాలు వచ్చాయి.

బయటికొస్తుంటే లింబాద్రన్న
డ్రాయర్లోంచి పాత డైరీ తీశాడు.
స్టాకు అయిపోయిన రాత్రుళ్లు
ఫోన్ చేసి అడిగినోళ్లకు
లేదని చెప్పిన లెక్క.
అడ్డగీతలు, నిలువుగీతలు, అక్కడక్కడ వార్డు పేరు.

నా పట్టికలో వెళ్లిన సంచికే వరస ఉంది.
వెళ్లని సంచికి వరస ఎక్కడిది?
డబ్బాల గదిలో ఎక్కువై పోయినదీ
ఈ గీతల్లో తక్కువై పోయినదీ
ఒకే ఫ్రీజర్‌దని
నాలుగు వేల వరసలూ నాకు చెప్పలేదు.

డైరీ తెరిచి మొదటి గీత దగ్గర కూర్చున్నాను.
పేరు లేదు. వయసు లేదు.
టైము మాత్రం ఉంది, మూడూ ఇరవై.

ఏ గడియారం చూసి రాశావన్నా,
అని అడగాలి రేపు.