రెండు వేళ్ళు ఎక్కువ

మార్చి నెల గుంటూరు.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
పూజ మధ్యలో పెద్దగుడంతా తుమ్ముతుందట.
ఫాదర్‌గారు గిన్నె ఎత్తిన చేతులు అలాగే ఉంచి
ఆఖరి తుమ్ము అయ్యేదాకా ఆగుతారని
తాళం తీస్తూ చెప్పింది ఇన్నాసమ్మ.

నేను పూజకు రాలేదు.
సంచీలో లేజరు మీటరు,
గుడి కొలిచి ప్లాను గీసివ్వమని ఒక ఉత్తరం.
పాత ప్లాను చెదలు తినేశాయి.
మిగిలిన ముక్కలో సగం కిటికీ ఉంది,
మిగతా సగం చెదల కడుపులో.

గడప దాటగానే
మెడ దానంతటదే వెనక్కి వాలింది.
ఎక్కడో పైన మొదలైన ఎండ
దిగి దిగి, నేలకు చేరేసరికి
వడగట్టిన గంజిలా పలచబడింది.
రంగుటద్దంలో గొర్రెపిల్లకు ఎప్పుడో మొహం పగిలితే
సోడాసీసా గాజు ముక్క అతికారు.
పొద్దున్న పదింటికి ఆ పచ్చటి మొహం వచ్చి
మూడో బల్ల మీద కూర్చుంటుంది.
"అది మా ఆయన చోటు" అంది ఇన్నాసమ్మ.
బల్ల తుడిచింది. ఇంకేం చెప్పలేదు.

కుడివైపు ఏడు ఆర్చీలు.
ఒక్కోటి పదిహేనడుగులు, ఏడుకేడూ,
బడిపిల్లల వరసలా.
ఎడమవైపు ఏడు.
పద్నాలుగడుగుల తొమ్మిదంగుళాలు, పైన చిల్లర.
మిల్లీమీటర్లలో చూశాను, తోక మిగిలింది.
బ్యాటరీ మార్చి చూశాను,
అదే తోక.

"కుడివైపు దొర ఫాదరు దగ్గరుండి కట్టించిందమ్మాయ్.
జ్వరమొచ్చి బందరు పోయాడు, టేపు ఆయన పెట్టెలోనే పోయింది.
వానలు ముంచుకొస్తున్నాయి.
ఎడమవైపు మేస్త్రీ చేత్తో కొలుచుకున్నాడు,
ఆర్చీకి తొమ్మిది మూరలు."
ఏ మేస్త్రీ?
చీపురు నేలకు తట్టి ఈనెలు సరిచేసుకుంది.
"పేరు మా అమ్మమ్మకే తెలీదు.
సున్నంలో బెల్లం నీళ్ళు ఎక్కువ పోయించాడని మాత్రం తెలుసు.
ఇప్పటికీ చీమలు ఆ గోడే పడతాయి, చూడు."

చూశాను.
ఒక చీమల బారు నిజంగానే
పునీతుడి పాదం పక్కనుంచి పైకి పోతోంది.
బెల్లానికో, ఊరికేనో.

మీటరు సంచీలో పడేసి
చొక్కా చెయ్యి మడిచాను.
రాతి అంచుకు మోచెయ్యి ఆనించి,
నడిమివేలు చివర సుద్దగీత పెట్టి,
గీత దగ్గర మళ్ళీ మోచెయ్యి.
మోకాళ్ళ మీద, పసిపిల్ల పాకినట్టు.
తొమ్మిది మూరలు అయ్యాయి,
పద్దెనిమిది వేళ్ళు మిగిలింది.
పక్క ఆర్చీకీ పద్దెనిమిదే.
అంటే మూరకు రెండు.
నాకంటే రెండు వేళ్ళ పొడుగు మనిషి
నూరేళ్ళ పైగా ఇక్కడే మోచెయ్యి ఆనించి ఉన్నాడు.

అయిదో ఆర్చీ మాత్రం మూడు వేళ్ళు తగ్గింది.
ఆ రోజు కొడుకు కొలిచాడేమో.
పన్నెండేళ్ళవాణ్ణి పిలిచి
"ఇవాళ నువ్వు వెయ్యరా" అన్నాడేమో,
తగ్గిందని తెలిసీ
కూలదొయ్యనివ్వలేదేమో.
ఆ ఆర్చీ కింద కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను.

బయట గేటు దగ్గర మల్లెలు, మూర నలభై.
ఒకామె తగువులాడుతోంది:
"నీ చెయ్యి పొట్టిదే గోవిందమ్మా!"
"దేవుడిచ్చిన చెయ్యి, సాగదీసుకు రమ్మంటావా?"
దండ తెంపుతూనే జవాబు.
నేను బేరమాడలేదు.
మోచేతికీ వేలికీ మధ్య
పూలు బిగుసుకోవడం చూస్తూ నిలుచున్నాను.
మోకాళ్ళ మీది సుద్ద చూసి
గోవిందమ్మ నవ్వింది.

ఆఫీసువాళ్ళకు మీటర్లే కావాలి. ఇస్తాను,
చిల్లరతో సహా.
కాగితం కింద, స్కేలు గియ్యాల్సిన మూలలో మాత్రం
ఒక చెయ్యి గీశాను,
మోచేతి నుంచి నడిమివేలి దాకా.
నా చెయ్యే,
రెండు వేళ్ళు పెంచి.