ఆరు లైన్ల రోజు

రాత్రి తొమ్మిదింటికి
నా టేబుల్ మీదికి రేపటి తేదీ వస్తుంది.
దానికి ఆరు లైన్లు ఇస్తారు.
ఎవరు పుట్టారు, ఎవరు పోయారు,
ఏ దేశం జెండా మార్చుకుంది,
ఎక్కడ ఏ యంత్రం మొదటిసారి దగ్గింది,
అందరూ ఆ ఆరింట్లోనే సర్దుకోవాలి,
సాయంత్రం చిక్కడపల్లి బస్సులో లాగా.

పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని.
లోకంలో అందరి పుట్టినరోజులూ నోటికొచ్చు.
నాది మాత్రం బడిలో పేరెక్కించిన సారు పెట్టింది: జూన్ పది.
అమ్మనడిగితే
"చింతచిగురు అమ్మొచ్చే దినాలు. కరెంటు లేదు" అంటుంది.
ఏ ఏడని అడిగితే
చిగురు పులుపెంతో చెబుతుంది.

సెప్టెంబరు ఇరవై ఎనిమిదికి
మొదటి లైను ఎప్పుడూ ఒకటే.
1908: హైదరాబాదులో మూసీ వరద. వేల మంది మృతి.
రెండోది పెన్సిలిన్.
మూడోది, కుక్కకాటు గురించి ప్రపంచమంతా జాగ్రత్తపడే రోజు.
మిగతా మూడింట్లో పుట్టినవాళ్ళు.

మొన్నొక ఏడు
బంగారం తాకట్టు కంపెనీ ప్రకటన ఉన్నట్టుండి పొడుగైంది.
పేజీ పెట్టే పోచన్న తల గోక్కుని
"ఒక లైను తియ్యి సారూ" అన్నాడు.
పెన్సిలిన్ తీయలేను, మా చెల్లెలు నర్సు.
కుక్కల్ని తీయలేను, ఆఫీసు గేటు దగ్గరే నాలుగున్నాయి.
పుట్టినవాళ్ళలో ఇద్దరికి అభిమాన సంఘాలున్నాయి.
మూడో ఆయన మా ఎడిటరుకి దూరపు బంధువు.
వరద తీశాను.

తెల్లారి పది కాకముందే ఫోను.
పేట్లబుర్జు నుంచి, మెహర్ సుల్తానా బేగం.
గొంతుకి ఎనభై ఉంటాయి.
తెలుగు ఆమెకి అద్దిల్లు,
అయినా ఊడ్చి ముగ్గేసినట్టు ఉంచుకుంది.
"మా మనవరాలు రోజూ చదివి వినిపిస్తది.
ఈరోజు దర్యా లేదేంది బాబూ?"
స్థలం చాలలేదమ్మా, అన్నాను.
సరే, అంది. ఆగింది.
"నీళ్ళు కూడా అడగలే, స్థలం ఉన్నదా అని."

ఫోను పెట్టేస్తుందనుకున్నాను.
పెట్టలేదు.
వాళ్ళ నానిమా వాళ్ళమ్మ, చంకలో పసిపిల్లతో,
దవాఖాన తోటలో చింతచెట్టు ఎక్కిందట.
పైకొమ్మ మీద ఎవరో తలపాగా విప్పి కట్టేశారు ఇద్దర్నీ.
"తెల్లారి చూస్తే పిల్ల ఉన్నది. మా గల్లీ లేదు.
ఆ పిల్లే మా నానిమా.

మాకైతే ఈ ఏడు వరద మార్చిలనే వచ్చిపోయింది బాబూ.
ఆనాడు రంజాన్ చాంద్ అప్పుడే కనిపించిందట,
అందుకని మా ఇంట్ల ఆ రాత్రి
ఏటా పది పదకొండు దినాలు ముందే వస్తది.
ఎండల్ల వచ్చింది, చలిల వచ్చింది,
మా పెద్దోడి పెళ్ళైన ఏడు మామిడిపండ్ల దినాలల్ల వచ్చింది.
మీ కాగితంల ఒక్కటే అది కదలకుండ నిలబడ్డది.
అందుకే చదివిపిస్త,
ఉన్నదా, పోయిందా అని."

ఆ మధ్యాహ్నం డ్యూటీకొస్తూ
బస్సు అఫ్జల్‌గంజ్ వంతెన మీద ఆగింది.
అందరూ ముక్కుకి రుమాలు పెట్టుకున్నారు,
కిందికి ఎవరూ చూడలేదు.
నేను చూశాను.
నల్లనీళ్ళలో ఒక విరిగిన ప్లాస్టిక్ కుర్చీ,
దాని మీద కొంగ,
ఎవరో పిలిచి కూచోబెట్టినట్టు.

రాత్రి తొమ్మిదింటికి ఇరవై తొమ్మిదో తేదీ వచ్చింది.
ఒక రాజు, ఒక రైలు, ఒక ఒప్పందం, ఇద్దరు నటులు.
ఐదు.
నా దగ్గరున్న పాత ఫైలులో
ఈ తేదీ కింద మన ఊరి పేరే లేదు.
మునిగిన రోజు రాసుకున్నాం,
మర్నాడు ఎవరికీ గుర్తులేదు.

ఆరోది పెన్సిలుతో రాశాను.
1908: హైదరాబాదులో వరద తీసింది. చెట్టు దిగారు.

పోచన్న రెండుసార్లు చదివాడు.
"దిగింది ఎవరు సారూ? పేర్లుండాలె గదా.
ఆధారం ఏదని అడుగుతరు."
పేట్లబుర్జు నంబరు చీటీ మీద రాసిచ్చాను.
వాడు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని
ప్రకటనలవాళ్ళకి ఫోను చేశాడు,
ఇంకేమైనా వస్తుందా అని.

ఏమీ రాలేదు ఆ రాత్రి.