పాత పోస్టాఫీసు స్టాపులో

"పాతపోస్టాఫీస్, పాతపోస్టాఫీస్, బేగి దిగండి!"
కండక్టరు కేకేస్తే రోజూ ఇక్కడే దిగుతాను.
ఉత్తరం వేయడానికి కాదు,
లాడ్జి ఈ సందులోనే.
విశాఖలో ఇది పదో రాత్రి.

గదిలో నెట్ రాదు.
"మెట్ల మీదయితే వస్తాది బాబూ,
రెండో అంతస్తు మలుపులో, కిటికీ కాడ"
అని చెప్పాడు పైడిరాజు, నీళ్ళ బకెట్‌తో నన్ను దాటుకుంటూ.
అప్పట్నుంచీ ఆ మలుపే నా తపాలా గది.
మోకాళ్ళ మీద లాప్‌టాప్,
పక్కన మురీ మిక్చర్ పొట్లం,
బ్యాటరీ పద్నాలుగు శాతం,
కిటికీలో డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీది దీపం.

పొద్దున ఎల్లాజీ పడవలో ఓడ చుట్టూ తిరిగాను.
ఓడ పక్కల మీద తెల్లటి అంకెలుంటాయి.
నీళ్ళు ఏ అంకెను నాకుతున్నాయో చూడటం నా ఉద్యోగం.
అల ఎక్కుతుంది, ఇంత అంటుంది.
దిగుతుంది, కాదు కాదు ఇంతే అంటుంది.
పదిసార్లు చూసి నడిమి మాట రాసుకోవాలి.
ఎంత బరువెక్కిందో ఓడ తనంతట చెప్పదు,
మునిగినంత మేర చెబుతుంది.
కవిత్వం కాదిది. ఇనప గుళికల లెక్క.

ఇన్‌బాక్స్ తెరుచుకుంటోంది, చక్రం తిప్పుకుంటూ, తిప్పుకుంటూ.
బ్యాంకు. బీమా. మళ్ళీ బ్యాంకు.
ఆఫీసు: రెండో హోల్డు రిపోర్టు ఏమయింది?
ఎప్పుడో ఒక్కసారి చెప్పులు కొన్న దుకాణం,
పాపం, నన్ను మరిచిపోలేక.
వాటి అడుగున
సుభాషిణి.

పేరు పెట్టేశాకే తెలిసిందట వాళ్ళింట్లో,
పిల్లకు వినపడదని.
మార్చలేదు. మంచి పని చేశారు.

ఫోను మాకు అక్కరకు రాదు.
మొన్న వీడియో కలిపితే
సగం మాటలో ఆమె చేతులు గాల్లో ఆగిపోయాయి,
గళ్ళుగళ్ళుగా విడిపోయాయి.
మళ్ళీ కదిలేసరికి వాక్యం అయిపోయింది.
ఆ చివరి మాట వానో, వద్దో
తేల్చుకోలేక తెల్లారేదాకా దొర్లాను.

అందుకే మెయిలు.
విషయం గడిలో ఏమీ రాయదు తను.
"విషయం లేదు" అని తెరే రాసిపెడుతుంది.
తెరిస్తే, నిన్న నేను పంపిన ఉత్తరమే
తిరిగొచ్చింది, ఎర్రెర్రగా.
మూలాపేట ప్రెస్సులో పదేళ్ళు ప్రూఫులు దిద్దిన చెయ్యి మరి.

"సముద్రం ఘోసిస్తోంది" అని రాశాను.
స కొట్టేసి ష పెట్టింది. పక్కనే,
"ఇది అందరూ రాసేదే. నువ్వు చూసింది రాయి."
"నీ మీద బెంగగా వుంది"లో
వుంది కొట్టేసి ఉంది చేసింది.
మిగతా వాక్యానికి చిన్న టిక్కు.

ఆఖర్న ఇంటి సంగతులు.
గ్యాసు వచ్చింది.
నీ నీలం చొక్కా మీదే పిల్లి పిల్లల్ని పెట్టింది. మూడు.
పైవాళ్ళు గ్రైండరు వేస్తే గోడకు చెయ్యి ఆనించి కూర్చున్నాను,
పప్పు నలిగిందీ లేనిదీ తెలిసిపోతోంది.
మొన్న అన్నది వాన కాదు, వద్దు.
వీడియో వద్దు.
నువ్వు ఆగిపోతే నాకు భయం.

బ్యాటరీ తొమ్మిది.
జవాబులో ఘోష తీసేశాను.
ఓడ పదకొండు మీటర్ల అరవై రెండు దాకా మునిగింది.
ఎల్లాజీ బకెట్‌తో నీళ్ళు ముంచి ఇచ్చాడు, సాంధ్రత చూశాను.
ఇనప దుమ్ముకు నా కాలరు ఎర్రబడింది, ఉతికినా పోలేదు.
ఇక్కడ దీపం ఉండుండి మొహం మీద పడుతోంది,
నువ్వు లైటు ఆర్పి వెలిగించి, ఆర్పి వెలిగించి
నన్ను నిద్ర లేపినట్టు.
నీలం చొక్కా పిల్లికే ఉంచు.

మళ్ళీ చదువుకున్నాను.
సాంద్రతకు ఒత్తు ఎక్కువైంది.
చూశాను. దిద్దలేదు.

పంపు నొక్కాను. చక్రం తిరుగుతోంది.
ఖాళీ బకెట్‌తో దిగుతూ పైడిరాజు
తెర వైపు వంగి చూశాడు.
"ఎల్లిందేటి బాబూ?"