తరుగు

ఎనుమాముల యార్డుల ఇరవై రెండేండ్ల సంది దడ్వాయిని.
బస్తా కాంటా మీద పడంగనే,
ముల్లు నిలువక ముందే చెప్త
నలభై రెండా, నలభై మూడా అని.

బస్తాకు కిలో తరుగు.
మట్టికింత, తేమకింత, తొడిమెకింత,
ఎందుకో ఎవ్వలికి తెల్వని ఇంకోదానికింత.
రైతు ఒకపారి నా మొకం చూస్తడు,
రశీదు మడిచి అంగీ జేబుల పెట్టుకుంటడు.

నాకు గూడ రోజింత తరుగు పోతుండె.
బిడ్డ పుట్టిందని ఫోనొచ్చిన రాత్రి గూడ
సంతోషంలకెల్లి ఎవరో ముందుగాలనే తీసుకున్నట్టు
జర తక్కువగనే అందింది.

ఏడుపైతే గాదు.
ఏడ్చినా మిర్చి యార్డుల ఎవలు గుర్తువడ్తరు?
మాఘమాసమొస్తే అందరి కండ్లు ఎర్రగనే,
మూతికి తువ్వాల గట్టుకోని అందరిది ఒకటే దగ్గు.

అన్నం తిన్న. పనికి పోయిన. అప్పుల్లేవు.
నవ్వాల్సిన కాడ నవ్విన, ఒక్క అంగ ఎనుకగ.
మా స్వరూప అనేది, నీది పుట్టుకతోనే సల్ల మొకమని.
నేనూ అదే నా గుణమనుకున్న.

ఎంజీఎంల చీటి రాసే పిలగాడు
ఏం తక్లీబ్ అన్నడు.
జరం లేదు, నొప్పి లేదు,
పొద్దుగాల లేచిన కాడికెల్లి
తడిసిన బస్తా మోస్తున్నట్టు ఉంటది అన్న.
నడుము నొప్పి అని రాసుకున్నడు.

ఎముకల డాక్టరు ఫొటో దీసి చూసి
నడుము మంచిగనే ఉంది,
పదిహేడో నంబరుకు పో అన్నడు.

పదిహేడుల నుస్రత్ మేడం.
ఎప్పటిసంది అని అడిగింది.
లేని దినం ఎప్పుడుండెనో ఎతుక్కుంట
ఎనుకకు ఎనుకకు పోయి
తొమ్మిదో తరగతి ఎండకాలం కాడ ఆగిన.
లైన్ల ఎవరో దగ్గిండ్రు.

ఆమె ఇది జబ్బే అన్నది, పేరు గూడ చెప్పింది.
నేను నా తీరుగ అర్థం చేసుకున్న:
ఖాళీ కాంటా సున్న చూపాలె.
నాది మూడు కిలోల కాడ మొదలైతాంది,
ఇగ మీద ఏది పెట్టినా బరువే.

మొదటి గోలీకి కాంటా ముంగటనే నిలవడి తూగిన.
రెండోది పదకొండు దినాలు మజ్జిగ తాపింది.
మూడోది మూడు నెలలు.
ఏం గాలే. చెడు గూడ గాలే.
గోలీలు పనిచేస్తలేవా, నేనే పనికిరానా మేడం అంటే
ఆమె పెన్నుకు మూత పెట్టి
కొద్దిసేపు ఉత్తగ కూసుంది.
మళ్ళ మూత తీసింది.

నాలుగోది తెల్లగ, చిన్నగ, నడుమ గీత.
మొదటి వారం సగమే మింగాలె.
క్వింటాళ్ళు జోకే చేతులు,
బొటనేలి గోరుతోటి గీత మీద ఇరిస్తే
అరచేతుల ఇంత పొడి రాలింది.
అది గూడ నాకిన.
తరుగు పోనియ్యలే.

స్వరూప ఐనవోలు మల్లన్నకు పట్నమేస్తనని మొక్కుకుంది.
వద్దనలే. రెండూ నడువనీ.

ఆరో వారమో, ఏడో వారమో.
ఓదెలు క్యాంటీన్ల రెండు చాయలు తెచ్చిండు.
ఒక గుక్క తాగి
ఏందిరా, ఇంత శక్కెర వోసిండు అన్న.
ఓదెలు నోరు తెరిచి నన్నే చూసిండు.
ఏండ్ల సంది అదే చాయ, అదే శక్కెర,
ఒక్కనాడన్న నోరు మెదపనోన్ని.
నాకూ ఇచ్చంత్రమే అనిపించింది,
నాలుకకు తీపి ఎక్కువైందని ఎట్ల ఎరుకైందో.

అంతే. పండుగేం రాలే.
గా పగటాల్ల అడ్తి సేటు
తేమ మస్తుంది, రెండు కిలోలు తరుగు రాయి అంటే
చేయి పెట్టి చూసిన. తేమ లేదు.
ఎందుకు రాయాలె అన్న.
కడకు రాసింది రెండే.
కని ఇంటికొచ్చేదాక కోపమున్నది,
మంచిగ, గరం గరంగ,
నా సొంతది.

మొన్న మళ్ళ తడి బస్తా.
నిన్న లేదు.
ఇయ్యాల పొద్దుగాల యార్డు తలుపులు తీయకముందు
ఖాళీ కాంటా మీద నేనే ఎక్కి నిలవడ్డ.
అరవై నాలుగు.
రెండు కిలోలు పెరిగిన.

గోలీలు ఐదే ఉన్నయి.
శుక్రవారం పదిహేడో నంబరు.