ఒకటి, సున్నా

పోయిన బుధవారం మూజువాణి ఓటుతో
చట్టం గట్టెక్కింది.
కాగితం మీద వచ్చిన ప్రతి రిటర్నునీ
అందిన మూడో నాటికి యంత్రం చదవాలి.
చేత్తో ఎక్కించడం ఇక చెల్లదు.
సెక్షన్ నాలుగు, ఉపసెక్షన్ రెండు.
నకళ్ళు తీసింది నేనే కాబట్టి
నంబర్లతో సహా తెలుసు.

కాశీబుగ్గలో మా ఆఫీసు.
కిటికీ తెరిస్తే జీడిపిక్కలు కాల్చే పొగ
వచ్చి ఫైళ్ళ మీద కూచుంటుంది.
ఇరవై ఆరేళ్ళుగా
లాభాలు ఆ వాసనలోనే చదివాను,
నష్టాలూ ఆ వాసనలోనే.

యంత్రం విశాఖ నుంచి వేనులో దిగింది.
కూర్మమ్మ కుంకుమ భరిణె తెచ్చింది.
"గాజు మీద వద్దమ్మా, అదే దాని కన్ను"
అన్నాడు ఇంజనీరు కుర్రాడు.
"కన్నుకి బొట్టు కాకపోతే
కాటికెట్టమంటావేటి బాబూ?"
చివరికి వెనక, వైరు పక్కన పెట్టింది.

నిమిషానికి నలభై చదువుతుంది.
నేను రోజుకి నలభై,
మధ్యాహ్నం కరెంటు పోకపోతే.

నిజం చెప్పాలి:
మందస నుంచి పదకొండేళ్ళు తిరిగిన
గొట్ట ఆదెమ్మ మొగుడి రీఫండు,
ఆరువేల మూడు వందల పన్నెండు,
రెండు కాగితాల మధ్య అతుక్కుపోయి ఉంటే
పట్టుకున్నది అదే.
ఆ జిగురు నాది.
మొగుడు పోయి నాలుగేళ్ళయింది.

జీడిసొన మచ్చని ఒకసారి
దశాంశ బిందువనుకుంది.
లక్ష, వెయ్యి అయిపోయింది.
ఆ షావుకారు మాత్రం
కిమ్మనలేదు.

నిన్న టంకాల సన్యాసయ్య వచ్చాడు,
తువ్వాల్లో మడిచిన నోటీసుతో.
'మీరు చెల్లించిన పన్ను: సున్నా.'
"కట్టినానమ్మా. పదివేల నూరు. రసీదుంది.
ఒకటిని ఒకట్లాగే రాసినాను గదా,
సున్నా అంటాదేటి?"

రిటర్ను తీసి చూశాను.
౧౦౧౦౦
వాళ్ళ అయ్య నేర్పిన అంకెలు,
చిట్టా పుస్తకం అంకెలు,
గుండ్రంగా, కొస విడిచి.
యంత్రానికి
అయిదూ సున్నాలే.

ఇన్నేళ్ళూ అతని ఒకట్లని
ఒకట్లుగా మార్చి ఎక్కించింది నేను.
ఎవరూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.
అతనికి తెలీదు, సర్కారుకి తెలీదు.
ఏ రిజిస్టర్లోనూ ఆ పనికి గడి లేదు.
ఇప్పుడు అది నేరమో కాదో
ఉపసెక్షన్లన్నీ వెతికాను.

తెల్లకాగితం ముందు పెట్టి
"కర్రలా నిలబెట్టండి" అన్నాను.
డెబ్బై మూడేళ్ళ చెయ్యి
పైనించి కిందికి నిటారుగా గీస్తుంది,
అడుగుకొచ్చేసరికి
పాత అలవాటు పిలిచినట్టు
వంపు తిరిగిపోతుంది.
మళ్ళీ. మళ్ళీ.
పద్నాలుగోది కుదిరింది.

కలం మూత పెడుతూ అడిగాడు:
"అయితే అమ్మా,
మా అయ్య రాసిన ఒకట్లన్నీ..."

కూర్మమ్మ టీ తెచ్చింది.
గ్లాసు చేతికిస్తూ
అతని కాగితంలోకి తొంగి చూసి
"గుంటలు రాసినట్టు ఎంత బాగా రాసినావు బాబూ" అంది.
అతను నవ్వలేదు.

కొత్త రిటర్ను మీద సంతకం చేశాడు.
యంత్రం మింగింది, పచ్చదీపం వెలిగింది,
పదివేల నూరు అని ఒప్పుకుంది.
అతను తువ్వాలు దులుపుకుని
బస్సు టైమవుతోందని వెళ్ళిపోయాడు.

ప్రాక్టీసు కాగితం బల్ల మీద ఉండిపోయింది.
పదమూడు వంకర కర్రలు, ఒక తిన్నని కర్ర.
అడుగున, ఎవరూ అడక్కుండానే,
సంతకం పెట్టి తేదీ వేశాడు:
౧౧.

దాన్ని యంత్రంలో పెట్టలేదు.
చెత్తబుట్టలోనూ వెయ్యలేదు.
ఏ ఫైల్లో పెట్టాలో
చట్టంలో లేదు.