మిగులు గాలి

ఓడ వెనకాల, ఇంజను గది పక్కన నా కొలువు.
అందరికంటే ముందు నేను లేస్తాను,
నా తర్వాత కంప్రెసర్, దగ్గుకుంటూ.
వేలు తడిపి గాలివాటం చూస్తాను.
పొగ ఇటు మళ్ళితే
గాలి పీల్చే గొట్టాన్ని అటు తిప్పి కడతాను.
ఇరవై రెండు సిలిండర్లు, ఒక్కోటీ రెండు వందల బార్లు.
మొదటిదాని మర కాస్త విప్పి
నాలుక మీద పడేలా ఒక గుక్క పీలుస్తాను.
నూనె వాసన లేదు. సరే.
ఇలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు.

గంట కొడతారు.
దండెం మీద రాత్రంతా మనుషుల్లేని మనుషుల్లా ఊగిన
తడి రబ్బరు తొడుగుల్లోకి
పదహారు మంది తిట్టుకుంటూ దూరతారు.
యోసియాస్ పలక మీద దిబ్బ బొమ్మ వేసి
ప్రవాహానికి బాణం గీస్తాడు.
ఆ బాణం నిన్న ఇటు ఉండేది.
చిన్న పడవ వెళ్ళిపోయాక
మిసూల్ నీళ్ళ మీద బుడగలు, అంతే.

నేనూ దిగినవాణ్ణే.
టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్,
పళ్ళ మధ్య పసుపు గొట్టం,
సముద్రపు దోసకాయల కోసం ఇరవై బారల లోతు.
అప్పుడు లోతు బారల్లో, ఇప్పుడు గాలి బార్లలో,
కొలవడం తప్పలేదు నాకు.
పైన మా తమ్ముడు పెట్రోలు పోసేవాడు,
కింద నా నోట్లో పెట్రోలు.
ఒకరోజు తొందరపడి పైకొచ్చాను.
ఎడమకాలు ఇంకా రాలేదు.

దిగినవాళ్ళు చూసింది వాళ్ళు చెబుతారు,
పడ్డది సిలిండర్ చెబుతుంది.
చేతులు బార్లా చాపి
షార్కు ఇంతుందన్న పెద్దమనిషిది ఇరవై.
కొత్త జంటవి మూడు రోజులు సరిసమానం,
నాలుగో రోజు పోట్లాడుకున్నారు, మీటరుకి తెలిసిపోయింది.
పదకొండో నంబరు మాత్రం
ఎప్పుడొచ్చినా నూట పది.
హేన్రికె, డచ్ పెద్దావిడ.
మణికట్టు మీద వదులుగా జారే మగవాళ్ళ వాచీ.
ఆవిడ గదిలో రెండు మంచాలు.
నుర్హయెదా రోజూ రెండిటి మీదా
తువాలుని కొంగలా మడిచి పెడుతుంది.
ఒక కొంగని ఆవిడ విప్పనే విప్పదట.
ఇద్దరి ఊపిరి తీసుకెళ్ళి
ఒకరి వాటా తిరిగి తెచ్చినట్టు
ఆ నూట పది.
ఖర్చు కాని గాలి అంటే నాకు భయం.
యోసియాస్‌తో అన్నాను, కాస్త కనిపెట్టి ఉండమని.
ఊపిరి బాగా అదుపులో ఉంది, మంచి డైవరు, అన్నాడు.

ఆఖరి రాత్రి దిగారు.
నీళ్ళ కింద దీపాలు
ఎవరో ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టు.
తిరిగొచ్చాయి సిలిండర్లు.
పదకొండో నంబరు నలభై.
మీటరు మార్చి మళ్ళీ చూశాను. నలభైయే.
వంటగది మెట్టు మీద ఆవిడ,
జుట్టు నీళ్ళు కారుతూ,
వేడి అరటికాయ బజ్జీ ఊదుకోకుండానే కొరికి
నోరు కాలి, నవ్వి, ఇంకోటి అడిగి.
ఏం చూశారని నేనడగలేదు.
అడిగినా నా ఇంగ్లీషు అంత దూరం పోదు.

రేపు విమానాలున్నాయి వాళ్ళకి, ఇంక దిగరు.
జెనరేటరు కూడా పడుకున్నాక
పదకొండో నంబరుని ఒళ్ళో పెట్టుకుని
మర మెల్లగా విప్పాను,
ఎడమ పాదం కేసి.
చల్లగా తగిలింది.
తగిలిందనే అనుకుంటున్నాను.